చవక ట్యాబ్‌లో అక్క పాటలు

కూర్చో ముందు. ఆ కాలు ఊపడం ఆపి సరిగ్గా విను. ఈ అవ్వ చెప్పింది చెప్పినట్టే రాయి, మధ్యలో నీ సొంత మాటలు పెట్టొద్దు.

మీ నాన్న ఈ ట్యాబ్ మార్చేద్దామంటున్నాడు. పాతది ఇస్తే కొత్తదానికి కొంత తగ్గిస్తారంట. "దీంట్లో ఏం బాగుండాది, ఏం బాగలేదు, చెప్పుమా" అన్నాడు. చెప్తాను.

పొద్దున చార్జింగ్‌కి పెడితే నేను వంట చేసి, స్నానం చేసి వచ్చినా నిండదు. గొంతు సన్నం, ఫ్యాన్ వేస్తే ఏమీ వినపడదు. వేలు పెడితే కాసేపు ఆలోచించి గానీ కదలదు, నా మోకాళ్ళలాగే. అయితే ఒకటుంది. చవకది కాబట్టి నాకు దీనంటే భయం లేకపోయింది. ఖరీదైంది కొని ఉంటే మీ అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసేది, నేను ముట్టేదాన్నే కాదు. దీన్ని పిండి చేత్తోనే పట్టుకున్నాను. తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కి కిరుమాంబాక్కం తీసుకుపోయాను, మా అక్క ఇంటికి.

మా అక్కకి నలుగు పాటలన్నీ వచ్చు. మనవాళ్ళ పెళ్ళిళ్ళలో పిల్లకి నలుగు పెట్టేటప్పుడు ఆమే పాడాలి. ఈ తమిళ ఊళ్ళలో పుట్టి మేమంతా చదువుకుంది తమిళంలో, తెలుగు నోట్లోనే ఉండిపోయింది. ఆ పాటలు ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

మొదటిరోజు దీన్ని చూసి నవ్వింది.

"ఏందే ఇది, పలకా?"

"పలక కాదక్కా. నువ్వు పాడితే పట్టుకుంటాది."

"పట్టుకోని ఏం జేస్తాది? నాకు తాంబూలం ఇస్తాదా?"

"మనవరాలి పెండ్లికి దీంట్లో నీ పాట పెడతాలే, పాడు."

"అప్పటికి నేను యాడికి పోతా? పిలిస్తే రానా?"

ఆరేడుసార్లు వెళ్ళాను. పాడింది. ఆ వానాకాలంలోనే పోయింది.

కర్మ అయినాక ఒకరోజు ఆమె గొంతు విందామని ట్యాబ్ తెరిచాను. ఏదో రాత వచ్చింది, తెలుగులో. అవ్వకి తెలుగే ఉండాలని నువ్వే ప్రేమగా పెట్టావు. ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం నేర్చుకున్న నీకు తప్ప ఎవరికీ రాదు. నువ్వు కాలేజీలో ఉన్నావు. ఏ రాత వచ్చినా కుడివైపు బటన్ నొక్కితే పోతుంది, నాకు తెలిసింది అంతే. నొక్కాను. ఇంకోటి వచ్చింది. అదీ నొక్కాను.

సాయంత్రం నువ్వొచ్చి చూశావు. "అవ్వా, దీంట్లో చోటు చాల్లేదు. పెద్ద పెద్దవి తీసేసేదా అని అడిగింది. నువ్వు తీసెయ్యమన్నావు."

నువ్వు ఏడ్చావు. నాకు రాలేదు. బియ్యం ఏరుతున్నానా, ఏరుతూనే ఉన్నాను. రాత్రి తిన్నాను, పడుకున్నాను, నిద్ర కూడా పట్టింది. ఇప్పటికీ రాలేదు. ఎందుకని అడగొద్దు.

ఒక్కటి మిగిలింది, చిన్నది కాబట్టి. దాంట్లో పాట లేదు. దగ్గుతుంది. "ఆన్ అయిందా, లేదా? నువ్వు తిన్న్యావా?" అంటుంది. అంతే.

దాన్ని కొత్తదాంట్లోకి ఎక్కిస్తామంటాడు మీ నాన్న. ఎక్కిస్తాడు, నిజమే. మురుంగపాక్కంలో ఒక ముసలామె ఉంది, మా అక్క పక్కన కూర్చుని వంత పాడేది. ఆమెకి సగం పాటలైనా వచ్చని విన్నాను. ఆమె దగ్గరికి వెళ్ళాలి, ఆమెకీ వయసైపోయింది. దేన్ని తీసుకుపోను? కొత్తదాంట్లో చోటు ఎక్కువ, గొంతు పెద్దది. కానీ దాన్ని నా చేతికిచ్చి బస్సెక్కనిస్తారా? జాగ్రత్త జాగ్రత్త అంటూ ఇంట్లోనే ఉంచేస్తారు. ఇదైతే ఎవరూ అడగరు. ఇచ్చేయొద్దని రాయి. లేదు, ఆగు, కొట్టెయ్యి. ఇది మళ్ళీ నిండిపోయి, మళ్ళీ ఏదో అడిగి, నేను మళ్ళీ ఆ బటనే—

"అత్తా! అన్నం పెట్టి ఎంతసేపాయె, రాండి! సాంబారు చల్లారిపోతా ఉండాది!"