పదిహేడో ప్రశ్నకు ఒకే జవాబు

మా ఆవిడ ఉద్యోగం ప్రశ్నలు అడగడం. ఇంట్లో జవాబులు చెప్పుకోవడం నా పని. బయట నాకొక జెరాక్స్ షాపు ఉంది, ఆస్పత్రి గేటుకు ఎదురుగా, నాలుగు మెట్లెక్కితే వస్తుంది.

ఆ ఆస్పత్రి పెద్ద డాక్టరుగారు ఒక పరిశోధన మొదలుపెట్టారు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవలసినవాళ్లు, రోడ్లు మునిగిన రోజున ఆస్పత్రికి ఎలా చేరుతున్నారు, చేరలేకపోతే ఏమవుతున్నారు అన్నది ఆయన తేల్చదలచుకున్న సంగతి. కాలువ పక్కన పల్లపు పేటలో అలాంటివాళ్లు నలభై ఒక్కమంది ఉన్నారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి ముప్ఫై రెండు ప్రశ్నల ఫారం నింపుకుని రావడం మా ఆవిడ పని. కాగితాలు సరిగ్గా తేలితే, వానాకాలంలో ఆ పేటకు ఎత్తు చక్రాల బండి ఒకటి ఇప్పించమని డాక్టరుగారు పైవాళ్లకు రాస్తారు. తేలకపోతే వాళ్లకు బండీ లేదు, మా ఆవిడకు ఉద్యోగమూ లేదు.

ఆ ఫారం రాసిన మహానుభావుడు జన్మలో రోగిని చూసి ఉండడు. పదిహేడో ప్రశ్న చూడండి: "విపత్తు సంభవించిన పక్షమున మీరు ప్రప్రథమముగా ఎవరిని సంప్రదించెదరు?" కింద ఫోన్ నంబరుకు పది గళ్లు. ఇలాంటివి ముప్ఫై రెండూ మా ఆవిడ మొదట నా మీద ప్రయోగించింది. నా నోట్లో బ్రష్షు ఉండగా వచ్చి, "తోడు లేకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరు?" అంది.

"ఎన్నయినా ఎక్కుతాను," అన్నాను, మగవాణ్ణి కదా.

"అయితే నిచ్చెనెక్కి అటక మీది ట్రంకుపెట్టె దింపండి. రెండేళ్లుగా చెబుతున్నాను."

పేటలో ఆమె పద్ధతి వేరు. ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు ఒకసారి చదివేది, అది నియమం కాబట్టి. తర్వాత ఫారం పక్కన పెట్టి, "అంటే ఏంటంటే తాతా," అని మొదలుపెట్టేది. ఒక్కో ఇంట్లో రెండు గంటలు. ఎవరి మోకాలు ఏ మెట్టు దగ్గర మొరాయిస్తుందో, ఎవరి మంచం ఎంత ఎత్తో, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం మానేసిందో అన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. పేటంతా ఆమెను ప్రశ్నలమ్మ అని పిలిచేవాళ్లు. సందేహాలుంటే అడగమని అందరికీ తన నంబరు కూడా రాసిచ్చింది. పదిహేడో ప్రశ్న ఉన్న పేజీ మాత్రం ఆమె చూడకూడదు. రోగే స్వయంగా అంకెలు వేసి, కవరులో పెట్టి అంటించాలి. మా ఆవిడ నియమం దాటే మనిషి కాదు, కవరును వెలుతురుకు పెట్టి కూడా చూడలేదు.

కవర్లు తెరిచిన రోజున, బైండు చేసిన కాపీలు ఇవ్వడానికి వెళ్లి, డాక్టరుగారి సిబ్బందితో పాటు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. డాక్టరుగారు కుర్చీలో ఒక చుట్టు తిరిగారు.

"నూటికి నూరమ్మా. ఆపద వస్తే ఫోన్ చెయ్యడానికి అందరికీ మనిషి ఉన్నాడు. ఇంత మంచి ఫలితం నేనెక్కడా చూళ్లేదు," అన్నారు. నంబర్లు పనిచేస్తున్నాయో లేదో చూద్దామని మొదటిది నొక్కారు. మా ఆవిడ సంచీలో ఫోన్ మోగింది.

"పర్లేదు, మాట్లాడుకోండి," అని మర్యాదగా తనది కట్ చేశారు. సంచీలో మోత ఆగింది. రెండో ఫారంలోది నొక్కారు. సంచీ మళ్లీ మోగింది. మూడోసారికి ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఐదోసారి మా ఆవిడ ఫోనెత్తి, "హలో," అంది.

"ఎవరండీ మాట్లాడేది?" అన్నారు డాక్టరుగారు.

"నేనే సార్. మీ ఎదురుగా ఉన్నాను."

అందరూ కలిసి నా వంక చూశారు. నమూనాగా నింపిన ఫారాన్ని నేనే నలభై ఒక్క కాపీలు తీసి ఉంటానని వాళ్ల అనుమానం. నాకు ఒళ్లు మండింది. పందొమ్మిదేళ్లుగా నా మిషను తన పళ్లెంలో పెట్టినదాన్నే అచ్చువేస్తోంది, సొంత తెలివి ఏనాడూ ప్రదర్శించలేదు. ఫారాలన్నీ బల్ల మీద పరిచి చూపించాను. నలభై ఒక్క రకాల చేతిరాతలు. ఒకరి ఏడు వణుకుతోంది, ఒకరి తొమ్మిది అద్దంలో చూసినట్టుంది, ఒకాయన పది గళ్లు చాలక కింద తెల్లకాగితం మీదికి దిగిపోయాడు. మిషను నిర్దోషి అని తేలింది.

"అయితే మీరే నేర్పించి రాయించుంటారు," అన్నారు డాక్టరుగారు. "ఇది పనికిరాదు. వారం రోజులు టైమిస్తున్నాను. వాళ్ల సొంత మనుషుల నంబర్లు పట్టుకురండి. లేకపోతే మొత్తం కొట్టేస్తాను."

నేర్పించలేదని చెప్పబోయి, ఏడుపొస్తుందని మా ఆవిడ ఆగిపోయింది. స్కూటరు వెనక ఎక్కించుకుని నేనే పేటకు తీసుకెళ్లాను. మొదటి ఇల్లు బూర తాతది. బ్యాండులో నలభై ఏళ్లు బూర ఊది రిటైరైన మనిషి. కొడుకు పైవాటాలోనే ఉంటాడు.

"మీ అబ్బాయి నంబరు రాయండి తాతా. నా ఉద్యోగం పోయేలా ఉంది," అంది మా ఆవిడ.

"వాడు ఫోనెత్తడమ్మా. మోగకుండా పెట్టుకుంటాడు. చిన్నప్పుడు నా బూర వినీ వినీ వాడికి చప్పుడంటేనే పడదు. నువ్వయితే రెండో మోతకే ఎత్తుతావు."

"నేను మీకు ఏమవుతానని తాతా?"

"ఏమవుతావని అడగలేదుగా ఫారంలో. ఎవరికి చేస్తావని అడిగారు. పరిశోధన అన్నాక నిజం రాయొద్దూ?"

మా ఆవిడ కలం మూసి సంచీలో వేసుకుంది. రెండో ఇంట్లో ఇస్త్రీ పెద్దమ్మ, "మా మరిదుండాడు గానీ, వాడికి తుమ్ము వచ్చినా నాకే ఫోన్ చేస్తాడు. ఇంక నేను వాడికేం చేసేది?" అంది. ఆరు రోజులు తిరిగాం. నలభై ఒక్కమందిలో ఒక్కరూ ఒక్క అంకె కూడా మార్చలేదు. పైగా ప్రతి ఇంట్లోనూ ఆమెను కూర్చోబెట్టి, మొహం ఎందుకు అలా పీక్కుపోయింది, సరిగ్గా తింటున్నావా, నీ మొగుడు బాగా చూసుకుంటున్నాడా అని వాళ్లే ప్రశ్నలు వేశారు. ఆఖరి ప్రశ్న వేసేటప్పుడు నా వంక చూసేవాళ్లు.

ఏడో రోజు తెల్లవారుతూనే వాన పట్టుకుంది. పదింటికల్లా పేటలో మోకాలి లోతు నీళ్లు. ఆ రోజు డయాలసిస్ వంతు ఉన్నవాళ్లు పందొమ్మిది మంది. మా ఆవిడ నా షాపులో కాగితం కట్టల మీద కూర్చుని ఉంది. ఫోన్ మోగడం మొదలైంది.

అబద్ధమెందుకు, ఆ పూట ఆమెను చూసి నాకు గర్వం కలిగింది. ఫారం ముట్టుకోలేదు, అన్నీ నోటికే. ఇస్త్రీ పెద్దమ్మ అల్లుడు ఐస్ ఫ్యాక్టరీ లారీ తోలుతాడని ఆమెకు తెలుసు. అతన్ని పిలిపించింది. "మూడో సందులో ఆయన మెట్లు దిగలేడు, కుర్చీతో సహా ఎత్తండి. పక్కింటావిడను మాత్రం వేరే ట్రిప్పులో ఎక్కించండి, వాళ్లిద్దరికీ మాటల్లేవు," అంటూ పద్దెనిమిది మందిని లారీ ఎక్కించింది. ఐసు దిమ్మల మీద గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారట. గేటు దగ్గర దిగుతుంటే, వానలో తడిసినవాళ్ల కంటే వీళ్లే ఎక్కువ వణుకుతున్నారు.

మిగిలింది బూర తాత ఒక్కడే. సరిగ్గా అప్పుడు, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్న ఫోన్ జారి బకెట్లో పడింది. కప్పు కారుతోంటే మిషను తడవకూడదని ఆ బకెట్టు పెట్టినవాణ్ణి నేనే. ఫోన్ ప్రాణం పోయింది. మిషను మూత వెచ్చగా ఉంటుందని దాని మీద పెట్టి ఎండబెట్టాను. నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి, దాని సిమ్ము నా ఫోనులో పట్టలేదు. మోకాళ్లూ మంచాలూ కంఠతా వచ్చిన మనిషికి ఒక్క నంబరు నోటికి రాదు. నడిచి వెళ్దామంటే కాలువ రోడ్డు మీదికి వచ్చేసింది. లారీ తిరిగి పేటకు వెళ్లిపోయింది, ఎవరి ఇంటికి వెళ్లాలో అతనికి చెప్పే దారి లేదు.

తాత భోజనాల బల్లెక్కి కూర్చుని మా ఆవిడకు ఇరవై రెండుసార్లు ఫోన్ చేశాడట. తర్వాత బూర తీశాడు. తనకు బాగా వచ్చిన ఊరేగింపు పాట అందుకున్నాడు. ఆ మోతకు పైవాటా కొడుకు కిటికీ తెరిచి, "నాన్నా, కాస్త చిన్నగా," అన్నాడు. కింద నీళ్లు కనబడ్డాక గానీ అతనికి సంగతి బోధపడలేదు. ఐస్ లారీ అల్లుడు ఆ పాట వచ్చిన దిక్కుకే పోనిచ్చాడు.

మూడు గంటలు ఆలస్యంగా చేరాడు తాత. కాళ్లు, మొహం వాచిపోయి, ఊపిరి అందక అవస్థ పడుతున్నాడు. డయాలసిస్ మిషను పెట్టాక సాయంత్రానికి తేరుకున్నాడు. అంతసేపూ మా ఆవిడ మంచం పక్కన నిలబడి ఏడుస్తూనే ఉంది.

మర్నాడు డాక్టరుగారు ఎదురొచ్చి కుర్చీ వేశారు. "నిన్న మీరు చేసిన పని అందరూ చెప్పుకుంటున్నారమ్మా. నాదే తప్పు. నూటికి నూరు అలాగే ఉంచేస్తాను," అన్నారు.

మా ఆవిడ కూర్చోలేదు. "సున్నా వెయ్యండి సార్," అంది.

"అదేంటమ్మా, మీరున్నారు కదా?"

"నేనొక్కదాన్నే ఉన్నాను సార్. నా ఫోన్ బకెట్లో పడితే తాత ప్రాణం మీదికొచ్చింది. నాకే జ్వరమొస్తే? నలభై ఒక్కమందికీ నేనే దిక్కయితే, ఎవరికీ దిక్కు లేనట్టే లెక్క."

డాక్టరుగారు కలం తీసి ఆమె ఎదురుగానే సున్నా వేశారు. బండి అడుగుతూ రాసిన ఉత్తరంలో మొదటి వాక్యం ఆ సున్నాయే. ఆ కాగితం ఇప్పుడు ఆఫీసు మెట్లు ఎక్కుతోంది, తోడు లేకుండా.

బండి వచ్చేదాకా ఆగుదామని మా ఆవిడ ఊరుకోలేదు. పదిహేడో ప్రశ్నను తనే తిరగరాసింది: "మీ ఇంటికి దగ్గరలో ఎవరున్నారు? ఇప్పుడే ఫోన్ చెయ్యండి, ఎత్తుతారో లేదో చూద్దాం." ఎదురుగా కూర్చుని ఒక్కొక్కరిచేతా ఫోన్ చేయించింది. ఎత్తకపోతే ఆ ఇంటికి నడిచి వెళ్లి తలుపు కొట్టింది. బూర తాత కొడుకు ఫోనులో మోత తన చేత్తోనే పూర్తిగా పెంచింది. మాటల్లేని మూడో సందు ఆయనచేత, పక్కింటావిడచేత ఒకరి నంబరు ఒకరి ఫారంలో రాయించడానికి నాలుగు రోజులు పట్టింది. చివరికి నలభై ఒక్క ఫారాల్లో ఒక్కదాన్లోనూ ఆమె నంబరు లేదు. డాక్టరుగారు మరో రెండు పేటలు అప్పగించారు.

మా ఇంట్లో ఫోన్ మోగడం తగ్గింది. నేను హాయిగా ఉన్నాను. ఆమె మాత్రం కూర తరుగుతూ మధ్యమధ్య చెయ్యి తుడుచుకుని ఫోన్ తిప్పి చూసుకునేది. చార్జింగు ఉందా, సిగ్నలుందా అని నన్ను అడిగేది. పోయిన వారం చూసి చూసి తనే ఫోన్ చేసింది. రెండో మోతకే ఎత్తాడు బూర తాత.

"ఏమ్మా, ఏమన్నా ఆపదొచ్చిందా?" అన్నాడు కంగారుగా.

"లేదు తాతా. మీరెవరూ ఫోన్ చెయ్యట్లేదని చేశాను," అంది మా ఆవిడ.