జొన్నల్లో బుధవారం

నిన్న సాయంత్రం నోవై ఊళ్లోని మా అపార్ట్‌మెంట్ వంటగదిలో, చింతపండు డబ్బా కోసం అలమర అడుగున చెయ్యి పెడితే ఒక గుడ్డసంచి తగిలింది. మూతి విప్పగానే ఎండిన కంకుల వాసన, వేడెక్కిన దుమ్ము వాసన ముఖానికి కొట్టాయి. లోపల తెల్ల జొన్నలు. పైన గోరంత కాగితం ముక్క, దాని మీద ‘బుధవారం’ అని అచ్చు. దీని వెనక తుఫాను ఉంది, దోపిడీ ఉంది, పోలీసులు ఉన్నారు. ఇతిహాసమే రాద్దామని కూర్చున్నాను. తీరా తలచుకుంటే తుఫాను టీ తాగేలోగా అయిపోయింది, దొంగ క్యూలో నిలబడి దొరికాడు, వచ్చిన పోలీసుకి జలుబు. ఇక మిగిలింది దేవసహాయం అంకుల్ ఒక్కరే. ఆయన గురించే రాస్తున్నాను.

నా మొదటి ఉద్యోగం ధాన్యం గాదెలకు సెన్సర్లు బిగించే చిన్న కంపెనీలో. స్నేహితులంతా జెర్సీ సిటీలో రైలెక్కి మాన్‌హాటన్ వెళ్తుంటే, నన్ను పశ్చిమ కాన్సాస్‌లో దింపారు. అక్కడ ఆకాశానికి లోటు లేదు, అద్దె ఇల్లే లేదు. విచిటా తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో ఎవరో అంకుల్ నంబరు ఇచ్చారు. తెనాలి దగ్గర పుట్టి, వ్యవసాయం చదవడానికి వచ్చి, విత్తనాల కంపెనీలో రిటైరై, ఆంటీ పోయాక కూడా అక్కడి తన పొలం వదలని మనిషి. ఆయన ఇంట్లోనే ఒక గదిలో దిగాను. చుట్టూ అందరూ గోధుమలు, పశువుల దాణాకి ఎర్ర జొన్న పండిస్తుంటే ఆయన మాత్రం రొట్టెకి పనికొచ్చే తెల్ల జొన్న వేసేవారు. ఏటా మంచి కంకులు ఏరి ఏరి తయారుచేసుకున్న సొంత రకం. ప్రెయిరీ మైదానాల గాలికి పడిపోదు, తెనాలి రుచి పోదు. ఇంకెవరి దగ్గరా లేదు.

“ఇన్నేళ్లు కష్టపడ్డారు కదా, పేరేం పెట్టారు అంకుల్?” అని అడిగాను.

“జొన్న” అన్నారు.

ఆ పక్క ఊళ్లలో దొంగలు ట్రాక్టర్లలోని జీపీఎస్‌లు, ట్యాంకుల్లో డీజిల్, గాదెల్లో గింజలు ఎత్తుకుపోతుండేవాళ్లు. గింజకి నంబర్ ప్లేట్ ఉండదు కాబట్టి అక్కడి రైతులు ధాన్యంలో గుర్తు కాగితాల ముక్కలు కలిపి ఉంచుతారు. ఎక్కడ అమ్మినా సొంతదారు ఎవరో తెలిసిపోతుంది. అంకుల్‌కి కాగితాలు కొనడం ఇష్టంలేదు. చర్చిలో ఇచ్చిన పాత తెలుగు క్యాలెండర్లన్నీ భోజనాల బల్ల మీద పరిచి నాకో కత్తెర ఇచ్చారు.

“బైబిల్ వాక్యం ఉన్నచోట ముట్టుకోకు. వారాల పేర్లు మాత్రమే కట్ చెయ్.”

“దొంగకి తెలుగు వస్తే అంకుల్?”

“వస్తే ఇంకేం, భోజనానికి పిలుద్దాం. ఈ కౌంటీ మొత్తానికి మనిద్దరమేరా మాట్లాడుకునేది.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ మాటలో జోకు సగమేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

నడివేసవిలో, పక్క పొలాల్లో గోధుమ కోతలు జోరుగా సాగుతుండగా, ఒక మధ్యాహ్నం ఆకాశం ఆకుపచ్చగా మారింది. మబ్బు నల్లగా ఉంటే భయపడక్కర్లేదట, పచ్చగా ఉంటేనే ఇంట్లోకి పరుగెత్తాలట. ఆయన ఈ సంగతి నింపాదిగా వివరిస్తుండగానే నిమ్మకాయలంత వడగళ్లు పడ్డాయి. ఆగాక వెళ్లి చూస్తే మోకాలెత్తు జొన్న చేను కొత్తిమీర తరిగినట్టుంది. నా కారు అద్దం కూడా పోయింది, కానీ ఆ పూట దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అంకుల్ ఒక విరిగిన మొక్కను నిలబెట్టి చూశారు. అది పడిపోయింది.

“గాదెలో నిరుటి గింజ ఉందిగా. వచ్చే ఏడు వేద్దాం” అన్నారు. అంటే ఇక ఆ రకానికి పెరట్లోని చిన్న గాదె ఒక్కటే దిక్కు.

తరువాతి ఆదివారం చర్చికి వెళ్లాం. నేను పాటలకు పెదవులు మాత్రమే ఆడించి, ఆ తరువాతి బిర్యానీకి పూర్తిగా నోరు తెరిచే బాపతు. తిరిగొచ్చేసరికి గాదె తలుపు తెరిచి ఉంది. లారీ చక్రాల జాడ వెంట రాలిన గింజల్ని పావురాలు తింటున్నాయి. ఆ గాదెకి నేనే ముచ్చటపడి సెన్సర్ బిగించాను. ఫోన్ తీసి చూస్తే పచ్చ గుర్తు, ‘ఉష్ణోగ్రత చక్కగా ఉంది’ అని. ఖాళీ గాదె ఎందుకు వేడెక్కుతుంది?

అంకుల్ గట్టు మీద కూర్చుని, “పావురాల్ని తోలకురా, తిననీ” అన్నారు. నేను వెళ్లి ఖాళీ గాదె తలుపు వేసొచ్చాను.

మర్నాడు ఉదయం ధాన్యం కొనే గోదాములో పనిచేసే డోనా ఫోన్ చేసింది. ఊరంతా గోధుమలు తోలే రోజుల్లో ఒకడు జొన్నల లారీ తెచ్చాడు. నమూనా తీస్తే అందులో ఎవరికీ అంతుచిక్కని రాత ఉన్న కాగితాలు, అలాంటి రాత ఆ చుట్టుపక్కల అంకుల్‌దే అయ్యుండాలంది. మేం వెళ్లేసరికి ఆ కుర్రాడు గోధుమ లారీల వెనక బుద్ధిగా తన వంతు కోసం నిలబడి చిప్స్ తింటున్నాడు. దొంగ సొమ్ముకైనా అక్కడ క్యూ తప్పదు. పోలీసు తుమ్ముకుంటూ వచ్చి తీసుకుపోయాడు. అంకుల్ లారీ ఎక్కి, ఒక గింజ కొరికి, “మనదే” అన్నారు.

ఆ వారం ఆయన తాళం కొంటారనుకున్నాను. సంచులు కొన్నారు. “ఒక్కచోట దాచానురా, అదీ తప్పు. పదిమంది దగ్గరుంటే ఎవడెత్తుకుపోతాడు?” అంటూ చర్చిలో ఇంటికో సంచి, డోనాకి ఒకటి, నాకొకటి పంచారు. విత్తనమని అందరికీ చెప్పారు. అందరూ థాంక్స్ అంకుల్ అన్నారు.

ఆ తరువాత నాకు నోవైలో ఉద్యోగం వచ్చింది. మొన్న చలికాలంలో ఆయన పోయారు. మంచు మూలంగా విమానాలు ఆగిపోయి నేను వెళ్లలేకపోయాను. గాదెలో మిగిలింది అమ్మేసి, ఆ పొలంలో ఇప్పుడు వేరెవరో మొక్కజొన్న వేశారట. ఇక్కడ చుట్టూ తెలుగువాళ్లే, మాట్లాడుకోవడానికి కొదవే లేదు. అయినా శనివారం మధ్యాహ్నాల్లో ఎవరో నా ముందు కత్తెర పెట్టి ‘కట్ చెయ్’ అంటే బాగుండుననిపిస్తుంది.

నిన్న సంచి దొరగ్గానే చర్చివాళ్లకు వరసగా ఫోన్లు చేశాను. “ఎంత బాగున్నాయో, సంగటి చేశాం” అన్నారు ఒకరు. “రొట్టెలు పూల్లా వచ్చాయి” అన్నారు ఇంకొకరు. మనవాళ్లకి జొన్నలిచ్చి తినొద్దంటే కుదురుతుందా! డోనా తన సంచి కోళ్లకి వేసేసిందట. నా సంచి ఇంకా ఉందని చెప్పాను. తరువాత, “మా ఇంటి వెనక చోటుంది. వచ్చే వేసవికి నువ్వే వచ్చి విత్తాలి మరి” అంది. వస్తానన్నాను. ఇంతవరకూ నేను కుండీలో కరివేపాకు కూడా బతికించలేదు.

కాబట్టి ఆయన జొన్న ఇప్పుడు ఈ ఒక్క సంచిలోనే ఉంది. రాత్రి పళ్లెంలో పోసి చూస్తే అక్కడక్కడ పురుగు. ఏరి, జల్లించి, గాజు సీసాల్లోకి ఎత్తాను. బుధవారాన్ని కూడా ఒకదాంట్లో వేసి, అన్నీ ఫ్రీజర్‌లో చేపల పక్కన సర్దాను. జొన్నలు బాగా ఎండి ఉంటే ఫ్రీజర్‌లో పెట్టినా మొలక చెడదు, పురుగు మాత్రం చస్తుంది. మూత గట్టిగా బిగించాలి, లేకపోతే చేపల వాసన పట్టేస్తుంది.