జానతో కొలిచిన అమ్మాయి

టేపు మెడలో వేలాడుతున్నా ఆ అమ్మాయి జానతోనే కొలిచేది. బంగారుపాళ్యం వడ్రంగి కూతురు. ఆమె పాల్గొన్న ఇంటీరియర్ డిజైనర్ల టీవీ పోటీకి చిత్తూరులోని మా ఇంటి హాలు ఇచ్చాను. గోడలకు రంగు వేయకూడదన్న షరతు నాదే. తీరా చూస్తే, మూలన తాతగారి బీరువా అమ్మేసిన చోట గోడ తెల్లగా మిగిలి ఉంది. అది కెమెరాలో పడితే బీరువా అమ్ముకున్నామని ఊరంతటికీ తెలిసిపోతుందని భయపడ్డాను.

“ఈడ ఏముండేదన్నా?” అని ఆమె అడిగింది.

“బీరువా. పాలిష్‌కు పంపినాం” అన్నాను.

ఆమె ఆ మచ్చను జానతో కొలిచి, కిటికీ పక్కనున్న తాను చేసిన అల్మారాను తెచ్చి అడ్డం పెట్టింది.

“వెలుతురు వదిలేసి మూలకు నెట్టావేంటమ్మా?” అన్నారు జడ్జి.

“కొలత తప్పింది సార్.”

ఆ రోజే ఆమెను ఎలిమినేట్ చేశారు.

వెళ్తూ, “బీరువా వచ్చినాక మా అల్మారా తీసేయండన్నా” అంది.

అది ఇంకా అక్కడే ఉంది.