దారాల డబ్బాలో పాత డిస్కు

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. చూస్తే అరచేతిలో పట్టేంతే. దారాల డబ్బా అడుగున, జరీ ఉండల కింద ఉంది. మా ఆయన పాత ల్యాప్‌టాప్‌లోని హార్డ్ డిస్కు అది. అది ఎప్పుడో పోయిందని ఆయనకు చెప్పాను. పోలేదు. నేను దాచాను. ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

మాది తిరుపతి. ఇంట్లోనే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకుని పెళ్లి జాకెట్లు కుడతాను. అనుమానం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు. మామయ్య, అంటే మా ఆయన నాయన, పోయాక అది ముదిరింది. మా ఆయన ఆఫీసు నుంచి రావడం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం, తనలో తాను నవ్వుకోవడం, నేను కాఫీతో గదిలో అడుగుపెట్టగానే టక్కున మూత మూసేయడం. ఏ ఆడదైనా ఏమనుకుంటుంది? నేనూ అదే అనుకున్నాను.

ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని ఆయనే విసుక్కున్నాడు. హార్డ్ డిస్కులో ఉన్నదంతా ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కులోకి ఎక్కిస్తే పరుగెడుతుందని చెప్పి, నేనే కంప్యూటర్ అంగడికి తీసుకెళ్లాను. ఎంత మంచి భార్య! అంగడతను అంతా ఎక్కించి, పాత డిస్కును కవర్లో పెట్టి నా చేతికిచ్చాడు. దాంట్లోనూ అన్నీ అలాగే ఉన్నాయి, పదిలంగా పెట్టుకోండి అన్నాడు. ఆ మాట కోసమే కదా నేను వెళ్లింది. ఇంట్లో ఆ డిస్కు ఊసెత్తలేదు.

మర్నాడు మా ఆయన ఆఫీసుకు వెళ్లాక, దాన్ని నా కంప్యూటర్‌కు తగిలించి అన్నీ తెరిచాను. ఫొటోలు, కరెంటు బిల్లులు, ఆఫీసు కాగితాలు. ఆడమనిషి జాడ లేదు. 'నాయన' అని ఒక ఫోల్డర్ మాత్రం ఉంది. మామయ్య కార్వేటినగరం వైపు పల్లెల్లో భారతం హరికథ చెప్పేవారు. చివరి నెలల్లో ఆస్పత్రికి దగ్గరని మా ఇంట్లోనే ఉన్నారు. అప్పుడు ఆయన చేత కథ చెప్పించి మా ఆయన రికార్డు చేసుకున్నాడు. పద్యం మధ్యలో దగ్గు, నవ్వు, తండ్రీకొడుకుల కబుర్లు. మా ఆయన రోజూ వింటున్నది ఇదే. సిగ్గుపడ్డాను. మరి నన్ను చూసి మూయడం ఎందుకు? అనుమానం మళ్లీ లేచింది. ఒక్కొక్కటే విన్నాను. ఒకచోట కథ ఆపి మామయ్య అంటున్నారు: "నీ పెండ్లాము అన్నం పెడతాది గానీ, తిన్నావా అని అడగదురా. ఆ జాకెట్లకుండే మర్యాద నాకు లేదు."

అక్కడే ఆపేశాను. ఒళ్లు మండిపోయింది. నిజం కాబట్టి మండిందా?

ఏడాది తిరిగిందో లేదో, ఒక ఉదయం ల్యాప్‌టాప్ తెరుచుకోలేదు. ఎస్‌ఎస్‌డీ ఏ చప్పుడూ లేకుండా చచ్చిపోయింది. మా ఆయన ఆఫీసు దగ్గర ఎవరికో చూపిస్తే, లోపలిది ఇక రాదని చేతులెత్తేశారట. ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఏమ్మే, ఆ పాత డిస్కు యాడుండాది?"

"అంగట్లోనే ఇడిసిపెట్టినాను. పారేయమని సెప్పినాను."

"నాయన గొంతంతా దాంట్లోనే ఉన్నింది మే."

"నాకేం తెలుసబ్బా, నువ్వు సెప్తే కదా" అన్నాను, మిషన్ ఆపకుండానే.

మర్నాడు ఆయన నేను ల్యాప్‌టాప్ ఇచ్చిన అంగడికే వెళ్లొచ్చాడు. ఏం విన్నాడో చెప్పలేదు. నేనడగలేదు. అంగడతను మర్చిపోయాడా? మీ ఆమె చేతికే ఇచ్చానన్నాడా? అప్పటినుంచి ఆయన డబ్బా వైపు ఊరికే చూసినా దాన్ని కాలితో మిషన్ కిందికి నెట్టేస్తాను. ఒకప్పుడు ఆయన్ని అనుమానించినదాన్ని, ఇప్పుడు ఆయన నన్ను అనుమానిస్తున్నాడేమోనని బతుకుతున్నాను.

ఎందుకివ్వలేదు? దొంగచాటుగా చూశానని తెలిసిపోతుందని. చాలాకాలం ఆ కారణమే చెప్పుకున్నాను. అది సగమే. ఆ గొంతు పోతే నా మీద పడ్డ ఆ మాట కూడా పోతుందని లోపల ఎక్కడో సంతోషించాను. ఆ ఒక్క ముక్క చెరిపేసి, మిగతాది పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎక్కడో దొరికిందని చెప్పి ఇస్తే? అదీ ఆలోచించాను.

మొన్న ఆ పని చేద్దామనే డిస్కు తగిలించాను. లోపల టిక్కుటిక్కుమని చప్పుడు. దానికీ రోజులు దగ్గరపడ్డాయి. ఎంతవరకు కత్తిరించాలో తెలియాలి కదా, అందుకని అప్పుడు ఆపేసిన చోట ఆపకుండా విన్నాను. మామయ్య మాట అయిపోయింది. ఆపైన మా ఆయన గొంతు.

"ఆయమ్మికి పలకరించేది రాదు నాయనా. అంతే గానీ, మనసులో ఏదీ దాసిపెట్టుకునే మనిషి కాదు."

కేబుల్ పీకేశాను. కాపీ చేయలేదు, చెరపనూ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. అయినా ఇంతకాలానికి ఒకరికి చెప్పుకున్నాను, ఈ పూట ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. పక్కగదిలో మా ఆయన ఊరికే కూర్చుని ఉన్నాడు, చెవుల్లో ఏమీ లేవు. డబ్బా నా కాళ్ల దగ్గరే ఉంది.