నన్నేమీ చేయనివ్వని వదిన

మా పక్కింటి వదిన పోయిన గురువారం పొద్దున చనిపోయింది. వాళ్లాయన, నేను అన్నయ్య అని పిలిచే మనిషి, ఫోన్ చేసి "మీ వదిన పోయింది చెల్లె" అంటే నమ్మలేదు. విజయవాడలో అక్కగారింట్లో ఉన్నానని ఆమే కదా నాతో చెప్పింది! ఆమె విజయవాడ వెళ్లనే లేదట. మూడు నెలలుగా ఇక్కడే, సికింద్రాబాద్‌లోనే, ఆసుపత్రిలో ఉందట. కేన్సర్. నాకు చెప్పొద్దని ఆయన దగ్గర మాట తీసుకుందట.

పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు ఒళ్లు మండిపోతోంది.

మెట్టుగూడలో పద్దెనిమిదేళ్లు మాది ఒకే గోడ. నాలుగేళ్ల క్రితమే వాళ్లు సైనిక్‌పురికి మారారు. ఆమె బడిలో టీచరు, ఆదివారం చర్చి తప్పనిసరి. నాది బేగంపేటలో ఆఫీసు, శనివారం గుడి. ఏ చుట్టరికమూ లేదు. మేం ఆ ఇంట్లో దిగిన రోజే గోడ మీంచి "వదినా, టీ తాగుతవా?" అంది, అంతే, వదినలమైపోయాం.

నాకు ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు సెలవు పెట్టి నాకు స్నానం చేయించింది, జడ వేసింది. కళ్లనీళ్లతో థాంక్స్ చెప్తే కసిరింది. "ఏందొదినా, నన్ను బయటిదాన్ని చేస్తున్నవ్?" కూర తెచ్చిందంటే గుమ్మంలోనే నిలబడేది. నేను గిన్నె ఖాళీ చేసి ఇచ్చేదాకా కదలదు. "గిన్నె నీకాడ ఉంటే ఏదో ఒకటి నింపి పంపుతవ్. నాకు తెల్వదా నీ సంగతి?"

తను మాత్రం ఎన్నైనా చేయొచ్చు. ఎదుటివాళ్లు చేస్తే పుచ్చుకోదు. అప్పట్లో దాన్ని మంచితనం అనుకున్నాను. ఇప్పుడు పొగరు అంటాను.

మొన్న మా అమ్మాయి నిశ్చితార్థానికి, విజయవాడలో ఉన్నానని రాలేదు. అలిగాను. ఆమె ఫోన్ చేస్తే "మస్తు బిజీ కదా నువ్వు, ఉండు" అని పెట్టేశాను. తర్వాత రెండుసార్లు చేసింది. ఆమె పేరు చూస్తూ కూర్చున్నాను, ఎత్తలేదు. యాభై రెండేళ్లు నాకు, చిన్నపిల్లలా బింకం! నా చెంపలు నేను వాయించుకోవాలి.

సమాధుల దగ్గర అన్నయ్యను పట్టుకుని అడిగేశాను. "నువ్వు సుత ఎట్ల దాచినవ్ అన్నా?"

ఆయన తల ఎత్తలేదు. "నీకు తెలిస్తే నౌకరీ ఇడిసిపెట్టి మంచం కాడ కూసుంటవన్నది. బిడ్డ లగ్గం పనులల్ల ఉన్నవ్, పరేషాన్ చెయ్యొద్దన్నది."

కూర్చునేదాన్నే. నా జుట్టు దువ్విన మనిషికి మంచినీళ్లు పట్టి, కాళ్లు ఒత్తేదాన్ని. నాకు కావాల్సింది అదే కదా! నేను ఆమెకెంత రుణపడి ఉన్నానో నోటితో చెప్పనివ్వలేదు, చేతులతో తీర్చుకోనివ్వలేదు.

గోతిలోకి పెట్టె దించారు. వాళ్ల పద్ధతి ప్రకారం ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేసి పక్కకు వెళ్తున్నారు. నేను చేతులు కట్టుకుని వెనకే నిలబడ్డాను. "మీరు కూడా వెయ్యండమ్మా" అన్నాడు చర్చి పెద్ద ఒకాయన.

వంగాను. ఒక పిడికిలి వేశాను. మరొకటి వేశాను. కసిరే గొంతు వినపడలేదు. ఇన్నేళ్లలో నేను చేసే పనికి ఆమె అడ్డు రాకపోవడం అదే మొదటిసారి.

"చాలమ్మా, చాలు" అంటున్నాడు పెద్దాయన. మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో ఇంకా మట్టి తోస్తూనే ఉన్నాను.