డాక్టరమ్మ చెప్పిన ఒక్క పొద్దు

గురువారం పొద్దున దీపం పెట్టి లేస్తుంటె ఫోన్ మోగింది. కరీంనగర్ల డాక్టరమ్మ దగ్గర పనిచేసే నర్సమ్మ. "అక్కా, మేడం పోయిన్రు. నిద్రల్నే పోయిన్రట" అన్నది. నేను మళ్ల దీపం ముందట కూసున్న. ఏడుపు రాలే. ముందుగాల వచ్చింది భయం. ఈ మాట మా చిన్న చెల్లెకు ఎట్ల చెప్పాలె అని.

డాక్టరమ్మ మాకు చుట్టం కాదు. హార్మోన్ల డాక్టరు. మా చెల్లెను రెండుసార్లు చావు నుంచి మళ్లించిన మనిషి. రెండోసారి చావు దాక తీస్కపోయింది నేనే. అది రాయకుంటె ఆమె గురించి రాసినట్టు కాదు.

మాది సిరిసిల్ల. చెల్లె పెనిమిటి బట్ట నేసే సాంచాలు నడుపుతడు, చెల్లె బీడీలు చుడుతది. కొన్నేండ్ల కింద ఆమె పెయ్యి నల్లబడుడు మొదలైంది. బక్కగైంది. కూసుండి లేస్తె కండ్లు తిరిగేటియి. ఒకలు కామెర్లన్నరు, ఒకలు రక్తం లేదన్నరు. టానిక్కులు తాగింది. వీటన్నిటి నడుమ ఆమెకు ఉప్పు పిచ్చి పట్టింది. అన్నంల పిడికెడు కలుపుకునేది, చాలక చేతిల పోసుకొని నాకేది. మమ్ముల కన్న అవ్వకు కోపమొచ్చి ఉప్పు డబ్బ అటక మీద పెట్టింది.

ఆఖరుకు కరీంనగర్ తీస్కపోతె, డాక్టరమ్మ మొదటి రోజు మా కాగితాలు తెరువలే. చెల్లె చెయ్యి పట్టుకొని అరచేయి చూసిన్రు.

"నా జాతకం సూస్తున్నరా మేడం?" అన్నది చెల్లె. అంత నీరసంల గూడ దానికి నోరు ఊకోదు.

"సూస్తున్న. గీతలు నల్లగైనయి. నోరు తెరువు." చిగుళ్లు చూసిన్రు. చూసి అవ్వ దిక్కు తిరిగిన్రు. "ఉప్పు తింటదా?"

"తినుడా? నాకుతది, బర్రె లెక్క."

డాక్టరమ్మ నవ్వలే. "ఆ ఉప్పే నీ బిడ్డను ఈడిదాక తెచ్చింది అవ్వా. ఇంట్ల దాచిపెట్టకు."

కిడ్నీల మీద టోపీల లెక్క రెండు చిన్న గ్రంథులుంటయట. చెల్లెకు అవి పనిచేస్తలేవు. అవి చేసే పని గోలీ చెయ్యాలె, బతికినన్ని దినాలు. ఆపితె బీపీ పడిపోతది, మనిషి గంటలల్ల పోతది. ఇదంత ఓపికగ చెప్పిన్రు. డాక్టరమ్మ ఇంట్ల మాట మరాఠీ. చదువయినంక ఆదిలాబాద్‌ల పనిచేసుకుంట రోగుల నోటి నుంచే తెలుగు నేర్చుకున్నరు. కొత్త మాట ఇనబడితె బల్ల మీది చిన్న నోటుబుక్కుల రాసుకునేది. పెయ్యి గుంజుడు, వశం తప్పుడు, అసొంటివి. మా మాట మాతోని అనాలని ఆమెకు చాన ఇష్టం.

ఆ రోజు లేస్తుంటె చెల్లెతోని అన్నరు. "రెండు పొద్దులు గోలీ. తిన్నంక వేసుకో. ఒక్క పొద్దు గూడ ఆపొద్దు."

ఒక్క పూట గూడ అని ఆమె మాట. నా చెవుల పడ్డది వేరే. మా దిక్కు ఒక్కపొద్దు అంటె ఉపాసం. అప్పటికి నేను చెల్లె కోసం శివునికి మొక్కుకొని ఉన్న. మంచిగైతె దానితోని సోమవారాలు ఉంచుత, శివరాత్రి ఉంచుత అని. ఉపాసం గూడ ఆపే పనిలేదని ఇంత పెద్ద డాక్టరే అన్నదని నాకు మనసు నిమ్మళమైంది. బయటికొచ్చి దండం పెట్టుకున్న.

గోలీ పడంగనె చెల్లెకు జర పాణం వచ్చింది. ఇగ మొక్కు మొదలుపెట్టించిన. నాలుగు సోమవారాలు పొద్దటి గోలీ వేసుకోలే. తిన్నంక వేసుకోమన్నరు, పొద్దుమూకందాక తినేది లేదు. నీరసమైతె ఒక్కపొద్దు కద అనుకున్నం. శివరాత్రికి దినమంత నీళ్లు తప్ప ఏం లేదు. తెల్లారి తానం చేసి, దేవునికి చూపిచ్చి, ఒక్కపొద్దు విడువబోతుంటె చెల్లె కక్కుకున్నది. గోలీ మింగితె గోలీ గూడ బయటికొచ్చింది. చేతులు సల్లగైనయి. పిలిస్తె ఎవ్వరో అన్నట్టు చూసింది.

బండి మాట్లాడి కరీంనగర్ తొవ్వ పట్టినం. వేములవాడ కాడ ఆగిపోయింది. శివరాత్రి జాతర నుంచి మళ్లే జనం, బస్సులు, దేవునికి మొక్కిన కోడెలు పట్టుకొని పోయేటోళ్లు. కదలనీకి జాగ లేదు. నేను డాక్టరమ్మకు ఫోన్ చేసిన.

"నిన్న ఏం తిన్నది?"

"ఏం తినలే మేడం. ఒక్కపొద్దు."

"గోలీ?"

"తిన్నంక గద వేసేది. తినకుంటె ఎట్ల వేస్తం?"

"ఒక్క పొద్దు గూడ ఆపొద్దని చెప్పిన గద అక్కా."

"అందుకే ఆపలేదు మేడం" అన్న.

ఆమెకు అప్పుడు సమజైంది. నాకు ఇంక కాలే. తిట్టలే, అడగలే. "నా దాక తేవద్దు, టైం లేదు. జాతరల దవాఖాన టెంటు ఉంటది. పోలీసాయనను అడుగు. ఫోన్ పెట్టెయ్యకు."

చెల్లె పెనిమిటి ఆమెను భుజాన వేసుకున్నడు. నేను ముందట "జరగుండ్రి, జరగుండ్రి" అనుకుంట నడిచిన. కోడె పట్టుకున్న ముసలాయన కోడెను పక్కకు గుంజి దారిచ్చిండు. దేవుని పేరు తల్సుకుందామంటె నోట్లెకు రాలే. అన్నేండ్ల పూజల నాకు అట్ల అయింది అదొక్క రోజే. టెంటుల ఉన్న లేడీ డాక్టరు బీపీ మిషన్ కట్టింది, అందలే. మళ్ల కట్టింది, అందలే. నేను ఫోన్ ఆమె చెవికి పెట్టిన. డాక్టరమ్మ సూది పేరు, ఎంత వెయ్యాలె, సెలైన్ ఎంత జోరుగ ఎక్కాలె, అన్నీ చెప్పిన్రు. ఆమె "అవును మేడం, ఉన్నది మేడం" అన్నది. సూది ఉన్నది అనే మాట ఇన్నంకనే నేను చెల్లె దిక్కు చూసిన.

కొంత సేపటికి చెల్లె కండ్లు తెరిచింది. "అక్కా, ఒక్కపొద్దు విడిచినమా?" అని అడిగింది.

రెండు దినాలకు కరీంనగర్ల వార్డుల డాక్టరమ్మ నా పక్కన స్టూలేసుకొని కూసున్నరు. "నేను ఆ రోజు ఏమన్న, నీకు ఏమినబడ్డది, మళ్ల చెప్పు" అన్నరు. చెప్పిన. నోటుబుక్కుల రాసుకున్నరు. నేను తల వంచుకొని "మా చెల్లెను నేనే చంపుతుంటి" అన్న.

"నీ చెవులు మంచిగనే ఉన్నయి. నా తెలుగే సగం వచ్చింది" అన్నరు. మొక్కు సంగతి అడిగితె జర ఆలోచించి, "ఆమె పేరు మీద నువ్వుండు. ఆమె తిని గోలీ వేసుకుంటది. ఇద్దరి పుణ్యం మీరే పంచుకోండ్రి" అన్నరు. అప్పటిసంది నేను అట్లనే ఉంటున్న.

ఆ తర్వాత ఆమె ఎవ్వరికీ ఆ మాట వాడలే. "ఏ రోజు గూడ ఆపొద్దు" అనేది. గోలీ రాసే ముందు అందరినీ అడిగేది, ఒక్కపొద్దులుంటరా, రంజాన్ల రోజాలుంటరా, ఎన్ని దినాలు, ఏం తింటరు అని. మేం చెప్పింది మళ్ల మాకే చెప్పి, సరేనా అనేది. డాక్టర్ల మీటింగుల చెల్లె కేసు చెప్తనని చెల్లెనే అడిగి, ఒప్పుకున్నంకనే చెప్పిన్రు. అక్కడ గ్రంథి సంగతి తక్కువ, తన తప్పు సంగతి ఎక్కువ చెప్పిన్రని నర్సమ్మ అన్నది. అంత చదువుకున్నోళ్ల ముందట తన తప్పును తనే చెప్పుకునుడు నేను వేరే కాడ చూడలే.

గురువారం నాడు చెల్లెకు నిజం చెప్పే తీస్కపోయిన. పొద్దటి గోలీ అప్పటికే వేసుకున్నది. బస్సుల ఏడ్చి ఏడ్చి ఒకసారి కక్కింది. "ఇయ్యాల ముద్ద దిగది అక్కా. ఆమెను సాగనంపందాక నీళ్లు గూడ ముట్ట" అన్నది. శవం లేవందాక తినకపోవుడు మా పద్ధతి. జ్వరమొచ్చినా, కక్కినా, పెద్ద దుఃఖమొచ్చినా గోలీ పెంచాలని డాక్టరమ్మ ఎన్నోసార్లు చెప్పి ఉన్నరు.

డాక్టరమ్మ ఇంటి ముందట టెంటు కింద జనం, సగం మంది ఆమె దగ్గర చూపిచ్చుకునేటోళ్లే. నాగపూర్ నుంచి ఆమె తమ్ముడు రావాలె, అందరం ఎదురు చూస్తున్నం. రెండైంది. గోలీలు నా పిడికిట్ల ఉన్నయి. చెల్లె మొఖం తిప్పుకున్నది. బలిమి చెయ్యనీకి జాగ కాదది.

మా పక్కన ఒక పెద్దాయన కుర్చీల కూసున్నడు, తెల్ల టోపీ, చేతిల సంచి. చెల్లెను, నా పిడికిలిని చూసిండు. సంచిల నుంచి సుగర్ సూది తీసి, అంగీ జర ఎత్తి, కడుపుకు వేసుకున్నడు.

"చాచా, గిక్కడనా?" అన్నది చెల్లె.

"ఇంకెక్కడ బేటీ? ఆపిన అని తెలిస్తె గీ మేడం లేసి కూసుంటది. తిట్లు నేను పడలేను" అని టిఫిన్ డబ్బ మూత తీసిండు. ఒక రొట్టె ముక్క తుంచి చెల్లెకు ఇచ్చిండు.

చెల్లె నా దిక్కు చూసింది. చెయ్యి చాపింది. రెండు గోలీలు పెట్టిన.

వెనక కూసున్న ఒకామె కొంగు ముడి విప్పి గోలీ తీసింది. దాని వెనకాయన జేబుల నుంచి కాగితం పొట్లం తీసిండు. లోపల ఏడుపు ఆగలే. టెంటు కింద మటుకు గోలీల రేకులు చిటపట చినిగే చప్పుడు. ఒకటే నీళ్ల సీసా చెయ్యి మారి చెయ్యి, డాక్టరమ్మను పడుకోబెట్టిన గడప దాక పోయింది.