గోడ మీది మజ్జిగ చెంబు

ఆ రోజు నేను అడిగిన ఒక ప్రశ్న, ఒక బాలింత నోటి దగ్గరి మజ్జిగను లాగేసింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు. ఆడవాళ్ళ తిండిలో వస్తున్న మార్పుల మీద పరిశోధన కోసం కడప జిల్లాలోని చేనేత ఊళ్ళు తిరుగుతున్నాను. ఒక మగ్గం ఇంట్లో కొత్తగా కాన్పయిన కోడలుంది. ఆమెకు పథ్యం: వెల్లుల్లి కారంతో అన్నం, గుక్కెడు వేడినీళ్ళు. బాలింత నీళ్ళెక్కువ తాగితే పొట్ట పెరుగుతుందనీ, మజ్జిగ తాగితే బిడ్డకు జలుబు చేస్తుందనీ అత్త నమ్మకం.

ముందురోజు అత్త నూలు కోసం అంగడికి పోయినప్పుడు, తలుపు చాటు నుంచి కోడలు మెల్లగా చెప్పింది.

"నాలిక పిడచ కట్టుకపోతాంది సార్. పక్కింటి సాయిబులక్క గోడమీంద చెంబుతో మజ్జిగ పెడ్తాంది. మా అత్తకు సెప్పొద్దు."

మర్నాడు అత్త ఎదుటే అవే ప్రశ్నలు మళ్ళీ అడిగాను. జవాబులు సరిపోతున్నాయో లేదో చూసుకోవడం మా పద్ధతి.

"మజ్జిగ తాగుతావా అమ్మా?"

"తాగను సార్."

"నిన్న తాగుతానన్నావే?"

అప్పటికే బిడ్డ ముక్కు కారుతోంది. అత్త లేచింది.

"అట్లనా! బిడ్డకు గాలి తగిలిందేమో అనుకుంటి. గోడమీంద యాపారం పెట్టినారా ఇద్దురూ?"

గోడ అవతలి నుంచి పక్కింటామె ఊరుకోలేదు. "మగ్గం మీంద నీ పడుగు నూలుకైనా కడుపునిండా గంజి పెడ్తావు గదక్కా! కోడలు అంతకంటే కానిదైపాయనా?"

నేను మాట మార్చి ఉండాల్సింది. జవాబు తేలిందని రాసుకుంటూ కూర్చున్నాను. నేను లేచేసరికి అత్త గోడ పొడుగునా తుమ్మకంప పరిచింది. కోడలు నా వైపు చూడలేదు.

తిరుగు బస్సులో ఒక సంగతి గుర్తొచ్చింది. నా భార్య బాలింతగా ఉన్నప్పుడు ఏం తిన్నదో, ఏం తాగిందో నేను ఎన్నడూ అడగలేదు.

మరుసటి రోజు పొద్దున్నే, ఆ కాన్పు చేసిన నర్సమ్మ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పి, ఆమెను వెంటబెట్టుకొచ్చాను. ఆమె బిడ్డను చూసి, "పొయ్యి పొగకు పట్టింది పెద్దమ్మా ఈ జలుబు. తల్లికి నీళ్ళు లేకుంటే పాలు యాడ్నుంచి వస్తాయి?" అంది.

నేను అత్తతో అన్నాను. "ఆమె నన్ను నమ్మి చెప్పింది పెద్దమ్మా. బయటపెట్టిన తప్పు నాది. ఆమెను ఏమీ అనొద్దు."

ఆ పెద్దామె కొంగుతో బిడ్డ ముక్కు తుడిచింది. "నీళ్ళిస్తాలేప్పా, మజ్జిగా ఇస్తా. గుక్కెడు నీళ్ళకు మేమూ ఏడ్సినోళ్ళమే. ఆ కంప మాత్రం నేను తియ్యను. అది పరిపిచ్చింది నువ్వు, నువ్వే తియ్యి."

తీశాను. చేతులు గీరుకుపోయాయి. గోడ అవతల పక్కింటామె నవ్వింది. కోడలి మాటలు రాసుకున్న కాగితాలు కోడలి చేతికే ఇచ్చేశాను. తర్వాత అచ్చయిన నా పరిశోధన పుస్తకంలో ఆ ఇల్లు లేదు.